చన్నీళ్ళ తొట్టి నిచ్చెన

మా ఊరి సంఘం వాళ్ళు జనవరి ఆఖరున లాటరీ పెట్టారు. మొదటి బహుమతి పొగబెట్టిన పంది తొడ. రెండోది మౌన తీరంలో ఇద్దరికి ఒక పూట స్నానం. మూడోది రెండు కిలోల కాఫీ పొడి. నేను కాఫీ పొడి మీద ఆశ పెట్టుకున్నాను. రెండోది తగిలింది.

"ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాను.

నా భార్య హిల్కా ఆ చీటీని మడిచి బైబిల్లో పెట్టింది. మా ఇంట్లో ఆ పుస్తకంలోకి వెళ్ళిన కాగితం మళ్ళీ ఇంకొకరి చేతికి పోదు.

మౌన తీరం మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, సరస్సు అవతలి ఒడ్డున ఉంది. కట్టినవాడు రౌలి. పరాయివాడు కాదు, మా ఊళ్ళో కొట్టు నడిపిన హన్నెస్ కొడుకే. పన్నెండేళ్ళు హెల్సింకీలో ఉండి, చేతికి నల్ల గడియారం ఒకటి తగిలించుకుని తిరిగొచ్చాడు. తండ్రి వలలు ఆరబెట్టుకున్న జాగాలో గాజు గోడల స్పా లేపాడు. పేరేమో మౌన తీరం. పొద్దున తొమ్మిది కాగానే దాని స్పీకర్లు మొదలవుతాయి. వాటిలోంచి వచ్చేది సముద్రపు అలల చప్పుడు. మా సరస్సు నవంబరులో గడ్డకట్టి మేలో విడుతుంది. మధ్యలో దాని మీద లారీ తోలొచ్చు. అలాంటి రెండడుగుల గడ్డ మీదుగా అలల హోరు వచ్చి మా కిటికీకి తగిలేది. మా కుక్క మొదటి వారం మొరిగింది. తర్వాత దానికే సిగ్గేసి మానేసింది.

నా ఒక్కడి సంగతైతే ఆ చీటీతో పొయ్యి ముట్టించేవాణ్ణి. హిల్కా సంగతి వేరు.

సెప్టెంబరులో ఆమెకి పట్నం ఆస్పత్రిలో ఎడమ తుంటి మార్చారు. అప్పటినుంచి ఆమె మా సౌనాలో, అంటే కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పుట్టించే చెక్క గదిలో, ఆవిరి పట్టలేదు. మా పై బల్ల ఎత్తు. ఎక్కడానికి ఒకటే మెట్టు, అదీ మోకాలంత. పెళ్ళయిన ఏడాది నేనే కొట్టాను. ఇద్దరం వయసులో ఉన్నాం, ఎగిరి కూర్చునేవాళ్ళం. ఇప్పుడు కింద పీట వేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఆవిరి ఉండేది పైన. కింద కూచుంటే కాళ్ళు చల్లగా, బుర్ర గోరువెచ్చగా, అదేం సౌనా? అలా కూచోబెట్టేది పసిపిల్లల్ని," అంది. అయిదు నెలలుగా ప్రతి శనివారం నేనొక్కణ్ణే వెళ్తున్నాను. ఆమె ఇంట్లో గొట్టం కింద నీళ్ళు పోసుకుంటోంది. బయటికొచ్చి తల తుడుచుకుంటూ కిటికీలోంచి సౌనా పొగ వైపు చూస్తుంది.

సరస్సు గడ్డలో కోసుకునే మంచు గుంట కూడా ఆమెకి పోయింది. నలభై ఒక్క చలికాలాలు హిల్కా ఆవిరిలోంచి లేచి తిన్నగా వెళ్ళి ఆ గుంటలో దిగింది. నేనూ దిగుతాను, కానీ నేను మునిగి పారిపోయి వచ్చే రకం. ఆమె మెడదాకా నిలబడి ఊరి కబుర్లు చెప్పే రకం. మా ఒడ్డున ఉన్నది కర్ర నిచ్చెన, పట్టుకోడానికి పక్క కమ్మీలు లేవు. కొత్త తుంటితో దిగొచ్చు, పైకి రావడమే కుదరదు. డాక్టరు జనవరిలో చూసి, "ఇక మీరు మునుపు చేసినవన్నీ చేసుకోవచ్చు," అన్నాడు. ఆయనకేం, ఆయన మా నిచ్చెన చూడలేదు.

"బల్ల కాస్త దించవయ్యా ఆర్రె, ఇంకో మెట్టు వెయ్యి," అని అక్టోబరులో అడిగింది. నవంబరులో అడిగింది. చెక్క ఆరలేదన్నాను. డిసెంబరులో అడగలేదు.

చెక్క ఆరింది. షెడ్డులో రెండేళ్ళుగా ఆరే ఉంది. రంపం పట్టుకుని రెండుసార్లు సౌనా దాకా వెళ్ళాను కూడా. పై బల్ల మీద ఆమె కూర్చునే చోట చెక్క నున్నగా అరిగి ఉంటుంది. అది కోస్తే దేనికి ఒప్పుకున్నట్టో నాకు తెలుసు. రంపం మేకుకి తగిలించి వచ్చేశాను.

కాబట్టి ఫిబ్రవరి రెండో శనివారం హిల్కా బైబిల్లోంచి చీటీ తీసి, ఉన్ని చేతితొడుగులు వేసుకుని, "పద. వాడి దగ్గర మెట్లున్నాయట, పట్టుకోడానికి కమ్మీలున్నాయట. ఆవిరి పట్టి, నీళ్ళలో దిగి వస్తాను. మళ్ళీ దిగగలనో లేదో తేలాలి నాకు," అన్నప్పుడు లేచి బూట్లు వేసుకున్నాను.

మైనస్ ఇరవై ఆరు. గాలి లేదు. హిల్కాని మంచు మీద జారే తోపుడు బండి కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి ఒక కాలితో మంచుని తన్నుకుంటూ సరస్సు దాటించాను. బండికి గడ్డపలుగు కట్టి ఉంది. కాఫీ ఫ్లాస్కు ఆమె ఒళ్ళో ఉంది. అవతలి ఒడ్డుకి వందడుగుల ముందు, రెల్లు పక్కన, నా వల గుంట. ఈ ఏడు వెడల్పుగా కోశాను. రెండు రోజులకొకసారి పైన కట్టిన గడ్డ పగలగొట్టి వల లాగుతాను.

"ఇప్పుడు ఆగకు," అంది. "తిరిగొచ్చేటప్పుడు చూద్దువు. చేపలెక్కడికీ పోవు."

గాజు తలుపు లోపల నెల్లి అనే పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది.

"స్వాగతమండీ! ముందు మీ ఫోన్లు, తర్వాత మీ ఒత్తిళ్ళు ఇక్కడ వదిలేయండి."

"నాకు ఫోన్ లేదు."

"మరి ఒత్తిడి?"

"ఇప్పుడే మొదలైంది."

హిల్కా నా కాలు తొక్కింది. నెల్లి రెండు కాగితాలిచ్చి నింపమంది. ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వేసుకుంటారు, ఈ రోజు మీ మనసు ఏ రంగులో ఉంది. హిల్కా తుంటి సంగతి నిజాయితీగా రాసింది. నేను రంగు దగ్గర గీత గీశాను.

"ఈత బట్టలు తెచ్చుకున్నారాండీ?"

"దేనికి?"

"సౌనాలోకండీ. ఇక్కడ అందరూ కలిసి కూర్చుంటారు కదా."

సౌనాలోకి బట్టలతో పోవడమంటే గొడుగు పట్టుకుని తలంటుకోవడం. కానీ హిల్కా అప్పటికే సంచిలోంచి తన ఈత బట్ట తీసింది. పిల్లలు పుట్టక ముందుది. నాకు అద్దె లాగు ఇచ్చారు. నీలం రంగు, దాని మీద కొబ్బరిచెట్లు. డెబ్బై మూడేళ్ళవాణ్ణి, అడవిలో చెట్లు కొట్టి బతికిన మనిషిని. చెట్లని ఒంటి మీద మోయడం మాత్రం అదే మొదలు.

వాళ్ళ సౌనా పెద్దది. ఒక గోడంతా గాజు. పదకొండు మంది కూర్చున్నారు, పదకొండు మందీ మణికట్టు వైపు చూసుకుంటున్నారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో గడియారం చెబుతుందట. అది ఆగితే కూడా గడియారమే చెప్పాలి కాబోలు. పొయ్యి ఇనప జాలీ వెనక ఉంది. బకెట్టు లేదు, ముంత లేదు. గోడకి పలక ఉంది: దయచేసి రాళ్ళ మీద నీళ్ళు పోయకండి, ప్రతి పదిహేను నిమిషాలకీ ఆవిరి దానంతటదే వస్తుంది.

రైల్వే స్టేషను కూడా అలాగే నడుస్తుంది.

ఒక్కటి మాత్రం చూశాను. బల్లలకి వెళ్ళే మెట్లు వెడల్పుగా, పొట్టిగా ఉన్నాయి. పక్కన కమ్మీ ఉంది. హిల్కా కమ్మీ పట్టుకుని ఒకటి, రెండు, మూడు ఎక్కి పై బల్ల మీద కూర్చుంది. నన్ను చెయ్యి ఇవ్వమనలేదు. నా నోట్లో ఆ మెట్ల గురించి ఒక మాట సిద్ధంగా ఉంది. మింగేశాను.

పక్కన కూర్చున్నాను. ఎదురు చూశాం. కాసేపటికి జాలీ వెనక పిల్లి బుసకొట్టినట్టు చప్పుడైంది. దగ్గుమందు వాసన కొట్టింది. వీపు మీద ఎవరో నిట్టూర్చినంత వేడి తగిలి పోయింది.

హిల్కా కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం," అంది.

అది అలవాటు. మా సౌనాలో ముంత నా చేతిలో ఉంటుంది, ఆ మాట ఆమె నోట్లో ఉంటుంది. నలభై ఆరేళ్ళ కాపురంలో మేం ఎక్కువగా మాట్లాడుకున్నది అదే. నేను పోస్తాను, ఆమె ఇంకొంచెం అంటుంది, మళ్ళీ పోస్తాను. ఎవరూ చాలనరు. చాలన్నవాళ్ళు లేచి బయటికి పోతారు.

"ఇంకా పదమూడు నిమిషాలుందండీ," అన్నాడు పక్కన గడ్డపాయన, మణికట్టు చూసుకుని.

హిల్కా కళ్ళు తెరిచింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

ఇంతలో నెల్లి తువ్వాలు పట్టుకుని వచ్చింది. తల మీద తిప్పుతూ గాలి విసిరింది. "ఇప్పుడు మీ శరీరానికి కృతజ్ఞతలు చెప్పండి," అంది. పదకొండు మందీ తలలు వంచారు. నేను వంచలేదు. ఇన్నేళ్ళుగా దానికి తిండి పెడుతున్నది నేను. చెబితే అదే నాకు చెప్పాలి.

వాళ్ళ చన్నీళ్ళ తొట్టి బయట వసారాలో ఉంది. సరస్సుకి ఇరవై అడుగుల దూరం. గుండ్రటి స్టీలు తొట్టి, పక్కన గుర్రుమంటున్న ఒక పెట్టె, పెట్టె మీద ఎర్రగా నాలుగు అంకె. తొట్టి మీద కప్పు నుంచి రెండు వేడి దీపాలు వేలాడుతున్నాయి. చన్నీళ్ళ పైన వేడి దీపాలు. దూరం నుంచి చూస్తే కోడిపిల్లల్ని పొదిగిస్తున్నారనుకోవాలి.

రౌలి అక్కడే ఉన్నాడు, తెల్ల తువ్వాలు అంగీలో.

"ఆర్రె బాబాయ్! హిల్కా పిన్నీ! వచ్చారా! ఎలా ఉంది మా సౌనా?"

"ఆ పెట్టె ఏం చేస్తుంది?" అన్నాను.

"నీళ్ళని నాలుగు డిగ్రీల దగ్గర నిలబెడుతుంది బాబాయ్. అటూ ఇటూ అరడిగ్రీ కూడా తేడా రాదు."

"బయట మైనస్ ఇరవై ఆరు."

"అవును."

"అంటే అది నీళ్ళని వేడి చేస్తోంది."

రౌలి కాసేపు పెట్టె వైపు చూశాడు. "చలికాలంలో... ఒక రకంగా చూస్తే... అవుననుకో."

"సరస్సు అక్కడుంది," అని చూపించాను.

"సరస్సుకి బీమా లేదు బాబాయ్."

హిల్కాకి ఇవేవీ పట్టలేదు. ఆమె నిచ్చెన చూస్తోంది. ఆ నిచ్చెన స్టీలుది. వెడల్పు పలకల మెట్లు, రెండు పక్కలా చేతికి సరిపోయే గుండ్రటి కమ్మీలు. కమ్మీలు పైన వంపు తిరిగి ఉన్నాయి, చివర రెండు కొక్కేలతో తొట్టి అంచుకి తగిలించి ఉంది. ఆమె రెండు కమ్మీలూ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. ముఖంలో అయిదు నెలల కిందటి వెలుగు వచ్చింది.

"అమ్మా, ఆగండాగండి!" నెల్లి కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మీకు తుంటి మార్చారు కదండీ. కీళ్ళు మార్చినవాళ్ళని తొట్టిలోకి పంపకూడదండీ, మా నియమం."

"తుంటే మార్చారే తల్లీ. మనిషిని మార్చలేదు."

"డాక్టరు చీటీ ఉంటే..."

"డాక్టరు నోటితో చెప్పాడు. డెబ్బై కిలోమీటర్లు పోయి కాగితం తేవాలా?"

"వచ్చే వారం తెచ్చుకోండి పిన్నీ, నేనే ఉచితంగా దింపుతాను," అన్నాడు రౌలి. "నా చేతుల్లో ఏమీ లేదు. అర్థం చేసుకోండి."

హిల్కా మెట్ల మీంచి దిగింది. ఎక్కినప్పటి కంటే నెమ్మదిగా దిగింది. పక్కన బల్ల మీద కూర్చుంది. గడ్డపాయన వచ్చి, నిచ్చెనెక్కి, నాలుగు డిగ్రీల నీళ్ళలో దిగి, పురిటి నొప్పులు పడుతున్నట్టు ఊపిరి వదిలాడు. రెండు నిమిషాలకి గడియారం కుయ్‌మంది. బయటికొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

హిల్కా కూడా కొట్టింది. మర్యాద తెలిసిన మనిషి. కానీ ఆమె చేతులు చూశాను. మళ్ళీ ఒళ్ళోకి వచ్చాక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"ఇంటికి పోదాం," అంది. "ఇక నాకు రాసిపెట్టి లేదు."

ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆస్పత్రిలో కూడా వినలేదు.

"లోపలికి పో. ఇంకో ఆవిరి పట్టు," అన్నాను.

"ఏ ఆవిరి? ఆ పిల్లి బుసా?"

"అదే. పావుగంట."

"నువ్వేం చేస్తావు?"

"వల చూస్తాను."

నా ముఖం వైపు చూసింది. లోపలికి వెళ్ళింది.

బూట్లు వేసుకుని, కొబ్బరిచెట్ల లాగు మీదే గొర్రెతోలు కోటు తొడుక్కున్నాను. వసారాలోకి తిరిగొచ్చేసరికి అంతా లోపల కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారు. తొట్టిలో ఎవరూ లేరు. నిచ్చెన కొక్కేల మీద వేలాడుతోంది. ఎత్తాను. వచ్చింది. అంత తేలిగ్గా వచ్చే వస్తువుకి బీమా ఎవడు రాశాడో.

బండి మీద వేసుకుని వల గుంట దగ్గరికి తన్నుకెళ్ళాను. పైన బెత్తెడు గడ్డ కట్టి ఉంది. పలుగుతో చుట్టూ పొడిచి, ముక్కల్ని గడ్డ కిందికి నెట్టాను. వల తాడు పక్కకి లాగి కట్టాను. నల్లటి నీళ్ళు, ఇద్దరు మనుషులు నిలబడేంత. గడ్డ అంచు దగ్గర పలుగుతో రెండు గాడులు చెక్కి, నిచ్చెన దించి, కొక్కేల్ని గాడుల్లో దింపాను. పైన నాలుగు చేరల నీళ్ళు పోశాను. మైనస్ ఇరవై ఆరులో మేకులక్కర్లేదు, సుత్తక్కర్లేదు. పది నిమిషాల్లో ఇనుమూ మంచూ ఒకటై కూర్చున్నాయి. నా బరువంతా వేసి ఊపాను. కదల్లేదు.

తలుపు దగ్గరికి వెళ్ళేసరికి హిల్కా ఎర్రగా కాలి, కోటు కప్పుకుని, తలకి ఉన్ని టోపీ, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు వేసుకుని నిలబడి ఉంది. చేతికి తొడుగులు. వెనక నెల్లి, "అమ్మా, అటు ఎక్కడికండీ? అటు సరస్సండీ," అంటోంది.

"తెలుసమ్మా. నీకంటే ముందు నుంచి ఉంది."

బండి మీద తోసుకెళ్ళాను. గుంట దగ్గర ఆమె నిచ్చెన చూసింది. నన్ను చూసింది. నా లాగు చూసింది. నవ్వలేదు, అప్పుడు కాదు. కోటు విప్పి నా చేతికిచ్చింది. వెనక్కి తిరిగి, తొడుగులున్న చేతులతో కమ్మీలు పట్టుకుని, ఒక మెట్టు, ఇంకో మెట్టు, నడుము, భుజాలు. మెడదాకా వచ్చాక ఆగి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు తెలుసు. దానికి ఏ గడియారం కుయ్‌మనక్కర్లేదు.

"వల ఖాళీయేనా?" అంది.

"ఇంకా చూడలేదు."

"వల చూస్తానని చెప్పి వచ్చావు. అబద్ధాలకోరు."

అప్పుడు వినిపించింది అరుపు. రౌలి. తువ్వాలు అంగీ, కాళ్ళకి గుడ్డ చెప్పులు, మంచు మీద జారుతూ పరుగెత్తుకొస్తున్నాడు. వెనక గాజు గోడకి పదకొండు ముఖాలు ఆనించి ఉన్నాయి.

"బాబాయ్! నిచ్చెన! అది స్పా సామాను! ఎవరికైనా ఏదైనా అయితే నన్ను..."

"ముట్టుకోకు," అన్నాను.

వాడు విన్నాడా లేదా తెలీదు. వచ్చిన ఊపులో రెండు చేతులా రెండు కమ్మీలు పట్టుకుని పీకబోయాడు. ఆవిరిలోంచి తిన్నగా వచ్చిన మనిషి, అరచేతులు తడిగా ఉన్నాయి. వాడి వసారాలో ఆ కమ్మీల్ని దీపాలు వెచ్చబెడుతుంటాయి. ఇక్కడ దీపాల్లేవు.

చప్పుడేమీ కాలేదు. వాడి ముఖం మాత్రం మారింది.

"బాబాయ్."

"ఊఁ."

"చేతులు రావట్లేదు."

"రావు."

రౌలి మూడో తరగతిలో ఉండగా ఒక చలికాలం బడి గేటు ఇనప కడ్డీని నాలికతో నాకాడు. పందెం. అప్పట్లో బడికి కట్టెలు తోలేది నేనే. గేటుకి అతుక్కుని దూడలా అరుస్తుంటే ఫ్లాస్కులో కాఫీ పోసి ఊడదీశాను. మా వైపు ప్రతి పిల్లాడూ చలిలో ఇనుముకి తడి తగిలించే ఆ తప్పు ఒకసారి చేస్తాడు. రెండోసారి చేసినవాణ్ణి అప్పుడే చూశాను. ఆ మధ్యలో పన్నెండేళ్ళు హెల్సింకీ, నల్ల గడియారం, మనసు రంగులు. ఇనుము సంగతి మాత్రం పోయింది.

"లాక్కు రౌలీ. తోలు ఊడొస్తుంది."

"ఎవరది, రౌలియా?" కింద నీళ్ళలోంచి హిల్కా అంది. "మీ అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయిరా?"

"బాగానే... పిన్నీ, మీరు ముందు పైకి రండి!"

"ఎక్కడికి రమ్మంటావు? దారికి అడ్డంగా నువ్వు నిలబడ్డావు."

నేను ఇంకా వాడి ముఖం చూస్తున్నాను. ఇన్నాళ్ళూ ఆ ముఖం చూడాలని ఉన్నట్టుంది నాకు. అంతలో ఆ మాట బుర్రకెక్కింది. ఆమె పైకి రావడానికి ఉన్నది ఆ నిచ్చెన ఒక్కటే. కమ్మీలు రెండూ వాడి చేతుల్లో ఉన్నాయి. వాడు కదల్లేడు. గుంట అంచు పట్టుకుని పాకి ఎక్కడానికి ఆమె తుంటి ఒప్పుకోదు. దిగి ఎంతసేపైంది? నాకు గడియారం లేదు. అరనిమిషం వాడి అవస్థకి సంబరపడుతూ పోగొట్టాను. ఆ అరనిమిషం హిల్కాది.

బండి దగ్గరికి పరుగెత్తాను. పరుగెత్తి పదేళ్ళయి ఉంటుంది. ఫ్లాస్కు మూత వేళ్ళకి తిరగలేదు, పళ్ళతో తిప్పాను. కాఫీ గోరువెచ్చగా ఉంది. సగం కుడి చెయ్యి మీద, కమ్మీ వెంట పోశాను. "ఇప్పుడు మెల్లగా తిప్పు. లాగొద్దు, తిప్పు." ఊడింది. మిగతా సగం ఎడమ చెయ్యి మీద. అది మొండికేసింది. ఫ్లాస్కు తిరగేసి ఆఖరి చుక్కలు దులిపాను. అప్పుడూడింది, చిటికెన వేలి కింద ఇంత తోలు కమ్మీకి వదిలి.

రౌలి వెనక్కి కూలబడ్డాడు. నేను మంచు మీద మోకరించి చెయ్యి చాచాను. హిల్కా పెదాలు నీలంగా ఉన్నాయి.

"చెయ్యి తియ్యి," అంది.

"హిల్కా."

"తియ్యమన్నానా. దీనికోసమేగా వచ్చింది."

చెయ్యి తీశాను. కష్టమైన పని అంటే అదే, చెయ్యి తీసి ఊరికే ఉండటం. ఆమె తడి తొడుగులతో కమ్మీలు పట్టుకుంది. ఉన్ని ఇనుముకి అంటుకుంటోంది, పీకి మళ్ళీ పట్టుకుంటోంది. మంచి కాలు మొదటి మెట్టు మీద. కొత్త తుంటి కాలు దాని పక్కకి. మళ్ళీ మంచి కాలు. మూడో మెట్టు దగ్గర ఆగింది. ఊపిరి పీల్చింది. ఈసారి కొత్త తుంటి కాలే ముందు వేసింది. దాని మీదే లేచింది. గడ్డ మీదికి వచ్చి, నిటారుగా నిలబడి, ఒళ్ళంతా పొగలు కక్కుతూ, "కోటు," అంది.

గాజు వెనక చప్పట్లు కొట్టినట్టున్నారు. ఆ గాజు మందం. ఏమీ వినపడలేదు. ఆ భవనం నాకు చేసిన మేలు అదొక్కటే.

రౌలి చేతులు చంకల్లో పెట్టుకుని లేచాడు. "బాబాయ్, నిచ్చెన..."

"మేలో తీసుకో."

తిరుగుదారిలో హిల్కా కోటులో ముడుచుకుని కూర్చుంది. సరస్సు మధ్యకి వచ్చాక ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నా లాగు గురించి నవ్వుతోంది. అద్దె లాగు, ఇంకా నా ఒంటి మీదే ఉంది.

"ఆవిరి దండగ," అంది నవ్వు అయ్యాక. "నీళ్ళు నీళ్ళే. నిచ్చెన మాత్రం బాగా చేశాడు ఎవడో."

"ఊఁ."

"అలాంటి మెట్లు వెయ్యాలంటే చెక్క ఆరాలేమో."

నేను మంచుని తన్నుతున్నాను. ఒక తన్ను, రెండు తన్నులు.

"ఆరింది," అన్నాను.

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఇల్లు చేరేదాకా ఇంకో మాట అనలేదు. ఆ రోజు నాకు దక్కిన తిట్టు అదే.

మర్నాడు వల గుంట దగ్గరికి వెళ్ళి, ఆ నిచ్చెన మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు జానతో కొలుచుకున్నాను. జానెడు, పైన బొటనవేలు. కమ్మీ ఆమె నడుముకి ఎంత ఎత్తులో వచ్చిందో నాకు గుర్తుంది, ఆ సంగతి ఎవరినీ అడగక్కర్లేదు. సోమవారం రంపం మేకు మీంచి తీశాను. పై బల్ల మూడు జానలు దించాను. మూడు మెట్లు వేశాను. కమ్మీకి జునిపర్ కర్ర చెక్కాను, ఇనుము కాదు. ఆమె కూర్చునే నున్నటి చెక్కని కొయ్యలేదు. విప్పి, అలాగే తెచ్చి, తక్కువ ఎత్తులో మళ్ళీ బిగించాను. బల్ల దిగితే ఆవిరీ దిగాలి. అందుకని పైకప్పు కింద ఇంకో చెక్క కప్పు కొట్టి దాన్నీ అంతే దించాను. అది నాలుగు రోజుల పని. చెయ్యాలనుకుంటే అక్టోబరులోనే నాలుగు రోజుల పని.

గురువారం రౌలి వచ్చాడు, అరచేతులకి గుడ్డ చుట్టుకుని. నిచ్చెన లేక తొట్టిలోకి ఎవరూ దిగలేదట. దిగేవాళ్ళు లేరు కదా అని పెట్టె ఆపాడట. తెల్లారేసరికి తొట్టి గడ్డకట్టి అతుకు దగ్గర నిలువునా చీలిందట. హెల్సింకీ నుంచి మనిషి రావాలట.

నేను మేకు కొడుతున్నాను. కొడుతూనే ఉన్నాను.

"బాబాయ్, మీ గుంట చూశాక అతిథులంతా అదే అడుగుతున్నారు. శనివారాలు నువ్వు గుంట తెరిచి ఉంచితే... నీ పేరే పెడదాం. ఆర్రె గుంట. చిన్న పలక. నువ్వు పక్కన నిలబడితే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు."

"మాట్లాడక్కర్లేదా?"

"అక్కర్లేదు. అదే వాళ్ళకి నచ్చింది."

సుత్తి కింద పెట్టి వాడి వైపు చూశాను. వాడికి జవాబు అందినట్టుంది. లేచాడు.

"శనివారం సౌనాకి రారా," అంది హిల్కా వాకిట్లోంచి. "అయిదింటికి. గడియారం ఇంట్లో పెట్టి రా. బట్టలూనూ."

శనివారం వచ్చాడు. మూడు మెట్లూ ఎక్కి మా ఇద్దరి పక్కన కూర్చున్నాడు. బర్చ్ కట్టెలు రెండు గంటలు మండి రాళ్ళు తెల్లబడ్డాయి. నేను ఒక ముంత పోశాను. రెండో ముంతకి వాడు చెవులు మూసుకున్నాడు. మూడోదానికి, "చాలు బాబాయ్," అని లేచి, వంగి వంగి తలుపు వైపు దిగాడు. హన్నెస్ కొడుకు. వాళ్ళ నాన్న ఏడు ముంతలకి కూడా కదిలేవాడు కాదు.

తలుపు మూసుకుంది. ముంత చేతిలో పట్టుకుని ఆగాను.

హిల్కా కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి కమ్మీ మీద వేసి, కాలు చాపుకుంది.

"ఇంకొంచెం," అంది.

పోశాను.